అన్నీ ఐదులే

మా ఆయన చేతికి ఎముక లేదు. ఈ మాట మామూలుగా మెచ్చుకోలుగా అంటారు. ఆ చెయ్యి పట్టుకుని ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసినదాన్ని కాబట్టి నేను మెచ్చుకోలుగా అనడం లేదు. ఈ అడవి ఊరికి వచ్చిన ఎనిమిది నెలల్లో ఆయన ఇచ్చేసినవి చెబుతాను వినండి: మాకున్న రెండు గొడుగుల్లో చిల్లి లేనిది, సుత్తి, నా వెడల్పు మూకుడు, నేను కింద పడుకుని ఉండగానే దోమతెర, ఒక జత బూట్లు. బూట్లు తీసుకున్న మనిషి పాదం ఈయన పాదం కంటే రెండు అంగుళాలు పెద్దది. వాడికి పట్టవు కదా, ఎందుకిచ్చారంటే, అడిగాడు కదా అన్నారు.

మేమిద్దరం ఇక్కడ వాలంటీర్లం. ఆయన నీటి సరఫరా శాఖలో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు గేజీలు చూసి రిటైరయ్యారు. నేను పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేశాను. రిటైరయ్యాక ఆరు నెలలపాటు ఆయన ఇంట్లో కుళాయిలన్నీ విప్పి బిగించి, మళ్ళీ విప్పి బిగించి, చివరికి ఒక రోజు ఒక కాగితం పట్టుకొచ్చారు. ఎప్పుడూ వాన కురిసే అడవిలో, నది ఒడ్డున ఉన్న ఊళ్ళో, రెండేళ్ళు ఆరోగ్య కేంద్రం నడపడానికి భార్యాభర్తలు కావాలట. జీతం లేదు, ఇల్లు ఇస్తారట. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అన్నాను. వారం తర్వాత నేనూ సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానంటే సరిగ్గా చెప్పలేను గానీ, ఆ కుళాయిల చప్పుడు భరించలేకే అయ్యుంటుంది.

వాళ్ళిచ్చిన ఇల్లు గుంజల మీద నిలబెట్టిన రెండు గదులు, పైన రేకులు. కింద పందులు, పైన వాన. ముందుగది ఆరోగ్య కేంద్రం, వెనకది మా సంసారం, రెంటికీ మధ్య ఒక మనిషి అటు తిరిగి ఇటు తిరగడానికి చోటున్న మందుల కొట్టు. ఇక్కడ ఆరడమనేది లేదు. ఉతికిన బట్ట నాలుగు రోజులు తీగ మీద ఉండి, ఉతక్కముందు కంటే అధ్వాన్నమైన వాసనతో లోపలికి వస్తుంది. ఉప్పు నీరవుతుంది, అగ్గిపెట్టె మెత్తబడుతుంది, తుడిచిన బల్ల మీద మర్నాటికి పచ్చటి బూజు లేస్తుంది. బయటికి వెళ్ళి వస్తే జలగలు పీక్కోవడానికి పావుగంట పడుతుంది. తెల్లారేసరికి కిటికీ దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. జబ్బు చేసి కాదు, మేము పళ్ళు తోముకోవడం చూడటానికి. మొదటి నెలలో తలుపేసేదాన్ని. తర్వాత తలుపు ఉబ్బిపోయి పడటం మానేసింది.

ఊరివాళ్ళు ఆయనకు సరేసారు అని పేరు పెట్టారు. ఎవరేమడిగినా సరే అంటారు కాబట్టి. పంపు బాగుచెయ్యాలి సారూ అంటే సరే. మా కోడలితో మాట్లాడాలి సారూ అంటే దానికీ సరే. నా పేరు సూదమ్మ. నేను వస్తుంటే పిల్లలు పందుల వెనక దాక్కుంటారు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో మీరే ఊహించుకోండి.

అయితే ఆయన చేసే పనుల్లో నేను నోరెత్తనిది ఒకటుండేది, అది ఫ్రిజ్ పని. కొట్టు మూలన ఒక చిన్న ఫ్రిజ్ ఉంది, రేకుల మీది సోలార్ పలకతో నడుస్తుంది. పిల్లలకు వేసే టీకా మందులు దాంట్లోనే ఉంచుతాం. వాటికి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలి ఉండాలి. అంతకంటే వేడెక్కితే మందు చస్తుంది, మందును చూస్తే చచ్చినట్టు కనబడదు. మూత తీసిన ప్రతిసారీ చలి పోతుంది కాబట్టి, టీకాలు వేసే సూదిరోజు దాకా మూత ముట్టుకోకూడదని నియమం. అందుకే లోపలి చలి ఎంతో చూపించే ముల్లు బయటే ఉంటుంది, ఫ్రిజ్ అడుగున, బొటనవేలంత గాజు కింద. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వంగి చూసి గోడ మీది కాగితంలో అంకె వెయ్యాలి. జోరువానలో కూడా, ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా ఈయన ఆ అంకె వేయడం మానలేదు. గేజీలు చూసిన మనిషి కదా అనుకునేదాన్ని. ఈ మధ్య అన్నీ ఐదులే పడుతున్నాయి. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. మమ్మల్ని ఇక్కడికి పంపినవాళ్ళ ఆఫీసు కుర్రాడితో వైర్‌లెస్ రేడియోలో మాట్లాడినప్పుడు, ఇంత నిలకడ మీ కేంద్రాల్లో ఇంకెక్కడైనా ఉందా నాయనా అని గొప్పలు కూడా పోయాను.

ఈసారి మందులు వచ్చి నలభై అయిదు రోజులైంది. వచ్చిన రోజే వెయ్యడానికి ఇదేమీ పట్నం కాదు. ఎగువ పల్లెలకు కబురు వెళ్ళాలి, వాళ్ళ కోతలు అవ్వాలి, నది కాస్త తగ్గాలి. ఆ కబురు పట్టుకుని మా ఆయనే అక్కడి పడవ తాతతో కలిసి అయిదు రోజులు ఎగువకు వెళ్ళొచ్చారు. ఆ అయిదు రోజులూ ముల్లు చూసి అంకెలు వేసింది నేనే. తిరిగొచ్చిన మనిషికి దగ్గరిచూపు కళ్ళజోడు లేదు. ఏదంటే, పడవ దిగుతుంటే నదిలో జారిపోయిందన్నారు. మూడు రోజులు తిట్టాను. కొత్తది పంపమని రేడియోలో చెబితే వచ్చే సరుకుల పడవలో పంపుతామన్నారు. ఆ పడవ యాభై అయిదు రోజులకోసారి గానీ రాదు. మరి ఫ్రిజ్ ముల్లు కనిపిస్తుందా అని అడిగాను. కనిపిస్తుందిలే అన్నారు. అంతటితో ఊరుకున్నాను.

కళ్ళజోడు పోగొట్టుకున్నా, ఆ ప్రయాణంలో ఆయన సాధించుకొచ్చింది ఒకటుంది. ఎగువన, రెండు రోజుల దూరంలో, బుట్టలల్లే ఆమె ఒకామె ఉంది. అందరూ బుట్టలామె అనే అంటారు. కిందటేడు ఆమె మూడేళ్ళ కొడుకు తట్టు వచ్చి పోయాడు. ఇప్పుడు పది నెలల ఆడపిల్ల ఉంది. మేము వచ్చిన మొదటి నెలలో బుట్టలు అమ్ముకోవడానికి రేవుకు వచ్చినప్పుడు, పిల్లకు సూది వేయిస్తావా అని అడిగాను. వేయించనంది. నా సంగతి మీకు తెలుస్తూనే ఉంది కదా. సూది వేయించి ఉంటే నీ కొడుకు దక్కేవాడు, దీన్ని కూడా పోగొట్టుకుంటావా అని నలుగురిలో ముఖం మీదే అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా బుట్టలు సర్దుకుని పడవెక్కింది. నోరు మూతపడింది కదా, ఇంటికెళ్ళి ఆలోచిస్తుందిలే అనుకున్నాను. ఆరు నెలలు ఈ రేవు ఛాయలకు రాలేదు. ఆమెను చూసి ఆ పల్లెలో మిగతా తల్లులూ రాలేదు.

మా ఆయన వెళ్ళి ఆమె వాకిట్లో రెండు పూటలు కూర్చున్నారట. బుట్ట అల్లడం నేర్పమన్నారట. ఆయన అల్లిన బుట్ట మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, అందులో గుమ్మడికాయ వేసినా అడుగు నుంచి జారిపోతుంది. బయల్దేరేటప్పుడు ఆమే అడిగిందట, మందు మంచిదేనా సారూ అని. రోజుకు రెండుసార్లు నేనే చూస్తాను, నాదీ పూచీ అన్నారట. అయితే తీసుకొస్తానంది. ఆమె తెస్తానంటే ఆ పల్లె పల్లెంతా తెస్తామన్నారు. నేను ఆరు నెలలు అరిచి సాధించలేనిది ఈయన ఒక వంకర బుట్టతో సాధించుకొచ్చారు. సంతోషించాలో కుళ్ళుకోవాలో తెలియక రెండూ చేశాను.

ఈలోగా దిగువన నాలుగు మలుపుల అవతల ఊళ్ళో తట్టు మొదలైంది. ఇద్దరు పిల్లలు పోయారు. నది మీద పడవలు ఎలా తిరుగుతాయో తట్టూ అలాగే తిరుగుతుంది. ఇక సూదిరోజు ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

సూదిరోజుకు ముందు రోజు మధ్యాహ్నం, సీసాలు లెక్క చూసుకుందామని ఫ్రిజ్ మూత తీశాను. తీయగానే చేతికి చల్లటి గాలి తగలాలి. తగల్లేదు. ఎప్పుడో అన్నం వార్చి దింపిన గిన్నెలా గోరువెచ్చగా ఉంది. మోటారు మాత్రం గుర్రుమంటూనే ఉంది. లోపల గ్యాసు కారిపోయినట్టుంది, ఉత్తినే తిరుగుతోంది. గబగబా సీసాలు తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. ప్రతి సీసా మీదా చిటికెనవేలి గోరంత గుండ్రం ఉంటుంది, దాని మధ్యలో చిన్న చదరం. మందు బాగున్నంతకాలం ఆ చదరం తెల్లగా ఉంటుంది. వేడి తగిలేకొద్దీ నల్లబడి, గుండ్రంతో కలిసిపోయిందంటే మందు పారేయాల్సిందే. ఒకటి చూశాను, నలుపు. ఇంకొకటి, నలుపు. అన్నీ తిప్పి చూశాను. ఒక్కదాని మీద కూడా తెలుపు లేదు. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆ గదిలో చల్లగా ఉన్నవి అవే.

కింద కూర్చుని ముల్లు చూశాను. ఇరవై తొమ్మిది దగ్గర ఉంది. లేచి గోడ మీది కాగితం చూశాను. ఆ రోజు పొద్దున ఐదు. నిన్న సాయంత్రం ఐదు. వేలు పెట్టుకుని వెనక్కి వెళ్ళాను. ఐదు, ఐదు, ఐదు. అలా నలభై రోజులు వెనక్కి వెళితే నా చేతిరాత వచ్చింది. ఆరు, నాలుగు, ఏడు, అయిదున్నర. దానికి ముందు ఆయన వేసినవీ అలాగే ఉన్నాయి, మూడు, ఆరు, నాలుగు. నిజం ఫ్రిజ్ అంకెలు అలా ఉంటాయి. ఎండ ఉంటే ఒకలా, మబ్బుంటే ఒకలా. ముప్పై ఏళ్ళు వార్డులో జ్వరం చార్టులు చదివినదాన్ని, రోజూ ఆ కాగితం పక్కనుంచే నడిచినదాన్ని, అది నా కళ్ళకు ఆనలేదు. ఐదు చూసి మురిసిపోయాను.

ఆయన బయట, రేపు వచ్చే తల్లులు కూర్చోవడానికి బల్లకు కాలు బిగిస్తున్నారు. లోపలికి పిలిచి, వంగి ఆ ముల్లు ఎంత ఉందో చెప్పమన్నాను. వంగారు. ముఖం దగ్గరికి పెట్టారు, దూరంగా పెట్టారు. ఒక కన్ను మూశారు. చాలాసేపు అలాగే ఉండి, లేవకుండానే అన్నారు.

"కనిపించడం లేదు."

"ఎప్పటినుంచి?"

"కళ్ళజోడు లేనప్పటినుంచి."

"మరి ఈ ఐదులన్నీ?"

"మోటారు తిరుగుతోంది కదా. ఐదే ఉంటుందనుకున్నాను."

చూడలేనని నాకో మాట చెబితే ఏం పోయేదని అడిగాను. నేను చూసేదాన్ని కదా, కొట్టు పక్క గదిలోనే ఉంటాను కదా అన్నాను. ఆయన చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ, నువ్వు తిడతావని అన్నారు.

ఇదీ నా ఖర్మ. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఊరందరి పిల్లల ప్రాణాలూ ఒక ముల్లు మీద ఉంటే, ఈయన భయమల్లా నా నోరు గురించి. అంత కోపంలోనూ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఆ ఇరుకు గదిలో ఫ్రిజ్ మాకేసి కుక్కలా గుర్రుమంటూనే ఉంది. తర్వాత నేను దాని తీగ పీకేశాను.

నాలుగింటికి రేడియోలో ఆఫీసు కుర్రాడు దొరికాడు. సంగతంతా చెప్పాను. పాపం అతను మంచివాడే. సరుకుల పడవలో మంచుపెట్టె పెట్టి కొత్త మందు పంపిస్తానన్నాడు. ఇంకా పది రోజులు పడుతుంది. ఫ్రిజ్ బాగుచేసే మనిషి వచ్చేసరికి నెల పడుతుంది కాబట్టి, పెట్టెలో మంచు కరిగేలోపు, వచ్చిన రోజే మందు వేసేయాలి, ఆ రోజుకు పిల్లలందర్నీ రేవులో సిద్ధంగా ఉంచండి మేడం అన్నాడు. రెండు రోజుల దూరం నుంచి వచ్చి వెనక్కి వెళ్ళే వాళ్ళను, అన్న రోజుకు వస్తుందో రాదో తెలియని పడవ కోసం మళ్ళీ ఎలా పిలవాలో మాత్రం చెప్పలేదు. జనానికి ఏమని చెప్పమంటావంటే, సాంకేతిక కారణాల వల్ల వాయిదా అనండి అన్నాడు. ఆ మాట ఈ నది మీద ఎవరికి అర్థమవుతుంది నాయనా అన్నాను.

టీ పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. ఆయన నెమ్మదిగా అన్నారు, అసలు మందే రాలేదని చెబుదామని. పడవ ఆలస్యమైంది, తొమ్మిది రోజుల్లో వస్తుందంటే ఎవరికీ కోపం రాదు, పడవలు ఆలస్యమవడం వాళ్ళకు అలవాటే, అందరూ మళ్ళీ వస్తారని. నేను వెంటనే కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ టీ తాగినంతసేపూ అది బాగానే ఉందనిపించింది. నిజం చెబితే బుట్టలామె మళ్ళీ రాదు. ఆమె రాకపోతే ఆ పల్లె రాదు. దిగువ నుంచి తట్టు వస్తోంది. అబద్ధం వల్ల పిల్లలు బతుకుతారు, నిజం వల్ల చస్తారు, ఇలా నా బుర్ర నాకే వకాల్తా పుచ్చుకుని వాదించింది.

గ్లాసు కడుగుతూ ఉంటే కోపం తిరిగొచ్చింది. ఆమె అడిగింది ఒకటే మాట, మందు మంచిదేనా అని. ఈయన పూచీ అన్నారు. ఆ పూచీ మీద పసిపిల్లను ఎత్తుకుని రెండు రోజులు వానలో పడవలో వస్తోంది. వచ్చినామెకు ఇంకో ఐదు చూపించమంటారా? రేపు పొద్దున మీరే నిలబడి, ఉన్నది ఉన్నట్టు మీ నోటితోనే చెప్పాలి అన్నాను. ఆయన సరే అన్నారు. ఆయన నోట్లోంచి అంత కష్టపడి వచ్చిన సరే ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పొద్దున్నే పడవలు వచ్చాయి. సన్నగా జల్లు పడుతోంది. తల్లులు, అమ్మమ్మలు, నడుముకు కట్టుకున్న పసివాళ్ళు, నలభై మందికి పైనే పిల్లలు. మొదటి పడవ నడుపుకొచ్చింది పడవ తాత. ఆయన తెడ్డు పక్కన పెట్టి పైకి చూశాడు. ముక్కు మీద మా ఆయన కళ్ళజోడు ఉంది. విరిగిన కాడకు దారం కూడా చుట్టుకున్నాడు. నన్ను చూసి, వల కుట్టుకోవడానికి భలేగా ఉందమ్మా, సారు దేవుడు అన్నాడు.

మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఆకాశంలోకి చూస్తున్నారు. నదిలో పడిందన్నది కూడా అబద్ధమేనన్నమాట. మూడు రోజులు ఎవరి కోసం గొంతు చించుకున్నానో తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ముసలాయన ముక్కు మీంచి జోడు లాక్కోలేను కదా. రండి తాతా, జారుతుంది చూసుకోండి అన్నాను.

అందరూ అరుగు మీదికి చేరాక ఆయన ముందుకొచ్చారు. వెనక బకెట్లో ఆ సీసాలన్నీ ఉన్నాయి. అడిగినవాళ్ళకల్లా లేదనకుండా ఇచ్చిన మనిషి, మొదటిసారి లేదని చెప్పడానికి నిలబడ్డారు. గొంతు సర్దుకుని చెప్పారు.

"మందు పాడైంది. ఫ్రిజ్ చెడిపోయింది. అది చెడిపోయిన రోజే తెలిసుండేది. నాకు కొలత కనిపించకపోయినా కనిపించినట్టు రోజూ రాశాను. తప్పు నాది. ఈమెది కాదు."

అందరూ ఒకేసారి మాట్లాడారు. రెండు రోజులు తెడ్డేశామని ఒకరు, కోత మధ్యలో వదిలేసి వచ్చామని ఒకరు. ఒక అమ్మమ్మ, అయితే సరేసారూ, ఫ్రిజ్ చెడిపోతానంటే దానికి కూడా సరేనన్నావా అంది. కొందరు నవ్వారు. ఆ నవ్వు కంటే తిట్లే నయమనిపించింది. తొమ్మిది రోజుల్లో మంచి మందు వస్తుంది, ఉండగలిగినవాళ్ళు ఉండండి, తిండి మేము చూస్తాం అన్నాను. నిన్న మంచిదన్నారు, రేపు మంచిదంటారు అని ఒక తండ్రి అన్నాడు. పడవలు ఒక్కొక్కటే తిరిగాయి. మధ్యాహ్నానికి రేవులో మూడే మిగిలాయి.

బుట్టలామె వెళ్ళలేదు. అప్పటిదాకా చెట్టు కింద నిలబడి, పిల్లను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంటూ చూస్తూనే ఉంది. జనం పలచబడ్డాక మెట్లెక్కి వచ్చి, బకెట్లోంచి ఒక సీసా చూపించమంది. ఇచ్చాను. గుండ్రం, చదరం చూపించి, తెల్లగా ఉంటే మంచిదని, ఇలా నల్లగా కలిసిపోతే పాడైందని చెప్పాను. ఆమె దాన్ని వెలుగులోకి తిప్పి, బుట్ట అల్లిక చూసుకునే మనిషిలా ఓపిగ్గా చూసింది.

"చదువు రానివాళ్ళకి కూడా తెలుస్తుందా ఇది?"

"తెలుస్తుంది. చూస్తే చాలు."

ఆమె సీసా నా చేతిలో పెట్టేసింది.

"మా పెద్దోడికి వేసినప్పుడు ఎవరైనా చూశారో లేదో."

నాకు మొదట అర్థం కాలేదు. పెద్దవాడికి సూది ఎవరు వేశారని అడిగాను. మీ ముందున్న వాళ్ళే, ఈ అరుగు మీదే అంది. నెలల పిల్లాడప్పుడు తీసుకొచ్చానంది. వాడు ఒక రోజంతా ఏడ్చాడంది. రెండేళ్ళ తర్వాత తట్టు వచ్చినప్పుడు, సూది వేయించాం కదా, తగ్గిపోతుందిలే అనుకుని నాలుగు రోజులు ఎక్కడికీ తీసుకెళ్ళలేదంది. ఈ మాటలన్నీ వాన గురించి చెబుతున్నట్టు చెప్పింది.

"ఆ రోజు రేవులో నేనంత మాటన్నప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదమ్మా. చెప్పారు."

లోపలికి వెళ్ళాను. నా బల్ల సొరుగులో మాకు ముందున్న వాళ్ళ పుస్తకం ఉంది. బూజు కంపు కొడుతుందని ఎనిమిది నెలలుగా దాన్ని తెరవలేదు. అతుక్కుపోయిన కాగితాలు విడదీసుకుంటూ వెళితే దొరికింది. ఆమె పల్లె పేరు, పిల్లవాడి పేరు, తొమ్మిది నెలలు, తట్టు టీకా, పక్కన టిక్కు. వందమందికి వేస్తే కొందరికి మంచి మందు కూడా పట్టదు, అది నాకు తెలుసు. ఆ సీసా పాడైందో, ఆ పిల్లవాడికి పట్టలేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఆ తల్లి చేయాల్సింది చేసింది. రెండు రోజులు పడవలో వచ్చి, సూది వేయించి, నమ్మి వెళ్ళింది. నేనేమో ఏమీ చూడకుండా, ఏమీ అడగకుండా, కొడుకును నువ్వే చంపుకున్నావన్నట్టు నలుగురిలో అనేశాను. మా ఆయనైనా కళ్ళు కనబడక రాశారు.

బయటికొచ్చి, తప్పయిందమ్మా అన్నాను. ముప్పై నాలుగేళ్ళలో మా ఆయన నేను ఆ మాట అనడం వినలేదు. గుమ్మంలో కదలకుండా నిలబడిపోయారు. బుట్టలామె ఫర్వాలేదనలేదు. అంటుందని ఒక్క క్షణం ఎదురుచూసినందుకు నాకే సిగ్గేసింది.

"మంచి మందు ఎన్ని రోజులకొస్తుందన్నారు?"

"తొమ్మిది."

"వచ్చాక సీసా ముందు నాకు చూపించండి. చూశాకే వెయ్యాలి."

అలాగే అన్నాను. ఆమె పిల్లను నా చేతికిచ్చి, పడవలోంచి సామాను దింపుకోవడానికి రేవులోకి దిగింది. పిల్ల బరువుగా ఉంది. కొత్త ముఖమని ఏడవలేదు, నా గొలుసు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. మా ఇంటి పక్కనుంచి దిగువకు వెళ్ళే పడవ ఒకటి, దిగువ నుంచి వచ్చే పడవ ఒకటి, రెండూ ఒకదానికొకటి దారిచ్చుకుంటూ రేవు దాటాయి. నేను పిల్లను ఎత్తుకుని లోపలికి జరిగి, దాని మెడ మీద చెయ్యి ఆనించి చూశాను. జ్వరం లేదు. ఇంకా తొమ్మిది రోజులుంది.